బాబాయి పుస్తకాల అలమర

మా బాబాయి చేతికి ఏ వంట పుస్తకం వచ్చినా ముందు పేజీలు చూసేవాడు కాదు. తిన్నగా చివరికి వెళ్ళి, ఇండెక్స్‌లో ఉల్లిపాయ ఎక్కడుందో వెతికి, ఆ పేజీ తీసి, ఉల్లిపాయలు ముదురు గోధుమ రంగుకి రావడానికి ఎంతసేపు పడుతుందని రాశారో చూసేవాడు. 10 నిమిషాలు అని ఉంటే పుస్తకం మూసి పక్కన పెట్టేసేవాడు. 40 నిమిషాలనో, ముప్పావుగంటనో ఉంటే కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టేవాడు.

అప్పుడు నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. అంత లావు పుస్తకాన్ని ఒక్క ఉల్లిపాయ చూసి ఎలా తేల్చేస్తాడో అర్థమయ్యేది కాదు, అన్యాయం అనిపించేది కూడా. ఒకసారి అడిగేశాను. ఆయన జవాబు చెప్పలేదు. ఉల్లిపాయలు తరిగించి, గరిటె నా చేతికిచ్చి, గడియారానికి ఎదురుగా పొయ్యి దగ్గర నిలబెట్టాడు. "ఐదు నిమిషాలకోసారి ఏం కనిపిస్తోందో చెప్పరా" అన్నాడు. 10 నిమిషాలకి ముక్కలు మెత్తబడి అద్దంలా అయ్యాయి, రంగు మాత్రం రాలేదు. 20 నిమిషాలకి లేత పసుపు. అరగంట దాటాక దోరగా అయ్యాయి. ముప్పావుగంటకి గిన్నెడు ముక్కలు గుప్పెడైపోయి, తేనె రంగు దాటి గోధుమ రంగుకి వచ్చాయి, ఇల్లంతా తియ్యటి వాసన. అప్పుడు చెప్పాడు. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే, ఆ నీళ్ళు పోయేదాకా గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు, దాటితే గానీ ఆ రంగు రాదు. "10 నిమిషాలని రాసినాయన పొయ్యి దగ్గర నిలబడలేదన్నా అవ్వాలి, నిజం చెబితే మనం భయపడి వండమని అనుకున్నాడన్నా అవ్వాలి. ఎలా చూసినా మిగతా పేజీల్ని నేనెలా నమ్మనురా?"

ఆ మాట నాకు పుస్తకాల విషయంలో ఎప్పటికీ పోలేదు. మనకి తెలిసిన ఒక్క సంగతి దగ్గర పుస్తకాన్ని నిలదీసి, అక్కడ నిజం చెప్పిందా లేదా చూసుకుని, ఆ తర్వాతే తెలియని సంగతులు దాన్ని అడగాలి.

బాబాయి గదిలో గోడంత అలమర ఉండేది. కింది అరల్లో వంట, మధ్యలో వైన్, పైన బీర్. వాటిని ఆయన నవల చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివేవాడు. ఇంట్లో మిగతా పెద్దవాళ్ళకి అది వింతగా ఉండేది, వైన్ పుస్తకాలు అన్నేసి ఉన్నాయంటే మనిషి రోజూ తాగుతాడని అనుకునేవాళ్ళు. నిజానికి ఆయన తాగింది చాలా తక్కువ. వారానికి ఒక గ్లాసు, అదీ గంటసేపు. ఆ ఒక్క గ్లాసు గురించి మాత్రం వారం మొత్తం చదివేవాడు. ఆ ద్రాక్ష ఏ కొండ మీద పెరిగింది, మట్టి ఏంటి, ఆ ఏడాది వానలెలా పడ్డాయి, అన్నీ తెలుసుకున్నాకే మూత తీసేవాడు.

ఆ అలమరలో ఏ పుస్తకం మంచిదో దూరం నుంచే చెప్పెయ్యొచ్చు. మంచివి మాసిపోయి ఉండేవి. అట్టలు ఊడి, టేపు అంటించి, మధ్యలో పిండి ఇరుక్కుని, నూనె మరకకి కాగితం అవతలి వైపు అక్షరాలు కనిపిస్తూ. బ్రెడ్ చేసే పేజీలు రెండు ఒకదానికొకటి అతుక్కుపోతే ఆవిరి పట్టి విడదీయడం నాకు గుర్తుంది. పక్కనే నున్నటి కాగితం మీద నిలువెత్తు రంగు ఫోటోలున్న పుస్తకాలు, ఎవరో ప్రేమగా బహుమతిగా ఇచ్చినవి, కొత్తవి కొత్తగానే ఉండేవి. ఫోటోల మీద ఆయనకి కోపమేం లేదు. కానీ ఆ ఫోటో అంతా అయిపోయాక పళ్ళెంలో ఎలా ఉంటుందో చూపిస్తుంది, మనకి కంగారు పుట్టేది మధ్యలో, పిండి చేతికి అంటుకుంటున్నప్పుడు, సాస్ విరుగుతుందేమో అనిపించినప్పుడు. ఆ మధ్యలో ఏం కనపడాలో, ఏం వినపడాలో, ఏ వాసన రావాలో చెప్పే రెండు వాక్యాలు వంద ఫోటోలతో సమానం అనేవాడు.

అలా చెప్పే పుస్తకమంటే ఆయనకి ముందు గుర్తొచ్చేది జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్ కలిసి రాసిన 'మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్'. 1961లో వచ్చింది. దాని వెనక ఏళ్ళ తరబడి పని ఉంది, మొదట ఒప్పుకున్న ప్రచురణ సంస్థ తర్వాత వద్దనేస్తే, జూడిత్ జోన్స్ అనే ఎడిటర్ చదివి, ఇంట్లో వండి చూసి, వేరేచోట వేయించింది. 1970లో వచ్చిన రెండో సంపుటంలో ఒక్క ఫ్రెంచ్ బ్రెడ్‌కే దాదాపు 20 పేజీలు. పిండి ఎంత జిగురుగా ఉండాలి, ఉబ్బితే ఎంత ఉబ్బాలి, మామూలు ఇంటి ఓవెన్‌లో ఆవిరి ఎలా పుట్టించాలి, అన్నీ. నేను మొదటిసారి ఆ పేజీల సంఖ్య చూసి ఇంత పెద్దదా అని వెనక్కి తగ్గితే బాబాయి అన్నాడు, "పేజీలు ఎక్కువున్నాయంటే నువ్వు తప్పు చేసే ప్రతి చోటా ఆవిడ నీకంటే ముందే తప్పు చేసి చూసిందన్నమాట. ధైర్యంగా మొదలుపెట్టు."

దానికి పూర్తిగా ఎదురు దారిలో నడిచే పుస్తకం కూడా అదే అరలో ఉండేది. ఎలిజబెత్ డేవిడ్ 1950లో మధ్యధరా వంటల మీద రాసింది. యుద్ధం అయిపోయినా ఇంగ్లండ్‌లో ఇంకా రేషన్ నడుస్తున్న రోజులు, అది పూర్తిగా ఎత్తేసింది 1954లో. నిమ్మకాయలు, ఆలివ్ నూనె లాంటివి మామూలు మనిషికి దొరకడమే కష్టమైన దేశంలో కూర్చుని ఆవిడ ఎండ గురించి, పండిన టమాటాల గురించి, వెల్లుల్లి గురించి రాసింది. కొలతలు చాలాచోట్ల ఉండవు. నాలుగు లైన్లలో వంటకం అయిపోతుంది. చిన్నప్పుడు నాకది సగం రాసి వదిలేసినట్టనిపించింది. ముప్పై ఏళ్ళు వచ్చాక, కొంచెం చెయ్యి తిరిగాక మళ్ళీ చదివితే అది వేరే పుస్తకంలా ఉంది. ఎంత వెయ్యాలో మన చేతికి వదిలేసి, ఎందుకు వండాలనిపిస్తుందో మాత్రం పూర్తిగా చెప్పింది. అందుకే ఇప్పుడెవరైనా మంచి వంట పుస్తకం చెప్పమంటే నేను వెంటనే చెప్పలేను. మీ చెయ్యి ఎక్కడిదాకా తిరిగిందో ముందు చెప్పండి అంటాను. కొత్తగా పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్ళకి డేవిడ్ ఇస్తే ఏడుపొస్తుంది, అన్నీ వచ్చినవాళ్ళకి 20 పేజీల బ్రెడ్ ఇస్తే వాళ్ళు చూడరు (చూస్తే మంచిదే అయినా).

అమ్మకి మాత్రం ఇర్మా రోంబవర్ 'ది జాయ్ ఆఫ్ కుకింగ్' కథ ఇష్టం. బాబాయి ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పించుకునేది. భర్త పోయాక, సొంత డబ్బు పెట్టి, 1931లో 3,000 కాపీలు అచ్చు వేయించుకుంది ఆవిడ. పేరున్న వంటగత్తె కూడా కాదు. తర్వాతి ఎడిషన్లలో ఆవిడ తెచ్చిన పద్ధతి, సరుకుల జాబితా పైన విడిగా పెట్టకుండా చేసే పని మధ్యలోనే ఏది ఎప్పుడు వెయ్యాలో అక్కడే చెప్పడం, నాకు వంట చేసేటప్పుడు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. పైకీ కిందకీ కళ్ళు తిప్పక్కర్లేదు. ఒక మనిషి పక్కన నిలబడి చెబుతున్నట్టుంటుంది.

కొలతల దగ్గర నేను పడ్డ పాట్లు కూడా చెప్పాలి. పద్నాలుగేళ్ళప్పుడు ఎవరి సాయం లేకుండా కస్టర్డ్ చేస్తానని బయల్దేరాను. పుస్తకంలో 4 టేబుల్ స్పూన్లు మొక్కజొన్న పిండి అని ఉంది, 4 వేశాను, ఎంతసేపు చల్లబెట్టినా పాలు పాలలాగే కదులుతున్నాయి. రాత్రి బాబాయి వచ్చి పుస్తకం మొదటి పేజీ తిప్పి, అచ్చయిన దేశం పేరు చూపించాడు. ఆస్ట్రేలియా. అక్కడ టేబుల్ స్పూన్ అంటే 20 మిల్లీలీటర్లు, నా చేతిలోని చెంచా 15. నేను వేసింది 60 మిల్లీలీటర్లు, వాళ్ళడిగింది 80. కప్పు కూడా అంతే, ఒక దేశంలో 250, ఇంకో దేశంలో 240 దగ్గర. మైదా అయితే ఇంకా ఘోరం, మెల్లగా పోసి నింపితే ఒక బరువు, డబ్బాలో ముంచి తీస్తే ఇంకో బరువు, ఒకే కప్పులో 120 గ్రాములూ పడుతుంది, 150 గ్రాములూ పడుతుంది. 1896లో ఫ్యానీ ఫార్మర్ తన పుస్తకంలో చెంచా మీద, కప్పు మీద కత్తితో సమానం చేసి కొలవమని పట్టుబట్టడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మేలో నాకు ఆ కస్టర్డ్‌తో అర్థమైంది. అప్పట్నుంచి బేకింగ్ పుస్తకంలో గ్రాములు లేకపోతే నేను కొనను. మామూలు వంటకి అంత పట్టింపు లేదు, బ్రెడ్‌కీ కేకుకీ మాత్రం ఈ విషయంలో రాజీ లేదు.

ఇక ఎందుకు అనే ప్రశ్న. ఆ ప్రశ్నకి ఆ అలమర మొత్తంలో పెద్ద దిక్కు హెరాల్డ్ మెక్‌గీ 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్'. మొదటి ఎడిషన్ 1984. దాన్లో వంటకాలు వెతుక్కుంటే దొరికేవి చాలా తక్కువ, గుడ్డు ఎందుకు గట్టిపడుతుంది, పాలు ఎందుకు విరుగుతాయి, పిండి ఎందుకు సాగుతుంది, ఇదే నడుస్తుంది. మాంసాన్ని ముందు పెద్ద మంట మీద కాలిస్తే పైన గట్టిపడి లోపలి రసం బయటికి పోకుండా ఆగుతుందని మేమంతా నమ్మేవాళ్ళం, ఆ రోజుల్లో పుస్తకాలన్నీ అదే రాసేవి. అది 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త నుంచి వచ్చిన ఆలోచన, నిజం కాదని మెక్‌గీ విడమరిచి రాశాడు. బాబాయి ఊరుకుంటాడా. రెండు ముక్కలు ఒకే బరువువి తీసుకుని, ఒకటి పెద్ద మంట మీద కాల్చి వండి, ఒకటి కాల్చకుండా వండి, చివర్లో రెండింటినీ త్రాసులో పెట్టాడు. కాల్చిన ముక్క బరువేమీ ఎక్కువ లేదు, కొంచెం తక్కువే ఉంది. ఆ రంగు, ఆ రుచి కోసం కాల్చాలి గానీ రసం ఆపడానికి కాదు. ఆ రోజు ఆయన ముఖంలో ఆనందం నాకింకా కళ్ళ ముందుంది.

కానీ ఆ రచయిత మీద బాబాయికి నిజంగా గౌరవం పెరిగింది 20 ఏళ్ళ తర్వాత. 2004లో అదే పుస్తకం మళ్ళీ రాసి తెచ్చాడు. గుడ్డు తెల్లసొనని రాగి గిన్నెలో గిలకొడితే నురుగు నిలకడగా ఎందుకుంటుందో మొదటి ఎడిషన్‌లో ఒక కారణం చెప్పాడు. తర్వాత వెండి గిన్నెలో కూడా అలాగే జరగడం చూసి, ముందు చెప్పిన కారణం సరిపోవడం లేదని, కొత్త పుస్తకంలో వేరే వివరణ రాశాడు. బాబాయి ఆ రెండు పేజీలనీ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. "ఇది చూడు, తన మాట తనే దిద్దుకున్నాడు. ఇలాంటి మనిషి పుస్తకం కళ్ళు మూసుకుని కొనొచ్చురా." అప్పటికే ఆయన కళ్ళజోడు మందం పెరిగింది, చిన్న అక్షరాలు నేను చదివి వినిపించాల్సి వచ్చేది.

వైన్ పుస్తకాలంటే నాకు నేల మీద బోర్లా పడుకోవడం గుర్తొస్తుంది. హ్యూ జాన్సన్ 'ది వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్', 1971లో మొదలైంది, ఆ తర్వాతి ఎడిషన్లలో జాన్సిస్ రాబిన్సన్ కూడా చేరింది. అది ఒళ్ళో పట్టదు, అందుకని నేల మీద పరిచి ఆయనొక పక్క, నేనొక పక్క. వైన్ రుచి నాకు తెలియని వయసులోనే ఫ్రాన్స్‌లోని బర్గండీ కొండవాలు నాకు మా వీధిలాగే తెలిసిపోయింది. వాలు తూర్పు ముఖంగా ఉంటుంది, పొద్దుటి ఎండ పడుతుంది, మధ్య భాగంలో మంచి తోటలు, కిందకి రోడ్డు దగ్గరికి వస్తే మట్టి బరువెక్కి నీరు నిలుస్తుంది. క్లో ద వూజో అని ఒక తోట, చుట్టూ ఒకే గోడ, లోపల సుమారు 50 హెక్టార్లు, యజమానులు దాదాపు 80 మంది. ఒకే పేరు మీద పైవాలులో ఉన్నవాడి వైన్, కిందవాలులో ఉన్నవాడి వైన్ రెండూ అమ్ముతారు. ఆ మ్యాప్ చూశాక సీసా మీద పేరు చదివి తృప్తి పడలేను, చేసిందెవరో కూడా చూడాలి. ఇంత సంగతి ఒక్క మ్యాప్ చెప్పింది, రుచుల వర్ణన పదిపేజీలు చదివినా రాదు.

రుచుల వర్ణన అంటే బాబాయికి సహనం తక్కువ. ఈ సీసాలో వయొలెట్ పూలు, ఆ సీసాలో పెన్సిల్ పొడి అని పేజీలకి పేజీలు, పక్కన వందకి ఇన్ని మార్కులు. "ఆ సీసాలు తాగేసి ఎన్నాళ్ళో అయింది, ఇంకా ఈ మార్కులెవరికిరా?" అనేవాడు. అవి అచ్చైన ఏడాదికి పనికొస్తాయి, ఎప్పటికప్పుడు కొత్తది వచ్చే జేబు పుస్తకాలకి తగినవి, లావు అట్ట వేసి దాచుకునేవి కావు. నేల, వాతావరణం, తీగ, పులియడం, వీటి గురించి రాసింది పాతబడదు. ఫిలాక్సెరా పురుగు 1860ల్లో ఫ్రాన్స్ తోటల్ని తినెయ్యడం మొదలుపెడితే చివరికి అమెరికా తీగల వేళ్ళ మీద అంటుకట్టి తోటల్ని నిలబెట్టుకున్న సంగతి ఏ వైన్ పుస్తకం సరిగ్గా, ఓపిగ్గా చెబుతుందో అది దాచుకోవచ్చు.

వైన్ పుస్తకాల్లో ఆయన ఉల్లిపాయకి బదులు నాలుక బొమ్మ వెతికేవాడు. మీరూ చూసే ఉంటారు. నాలుక కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనక చేదు అని గీతలు గీసి ఉంటుంది. 1901లో ఒక జర్మన్ పరిశోధకుడు నాలుక మీద చోటును బట్టి చాలా చిన్న తేడాలు గమనించి రాస్తే, తర్వాతివాళ్ళు ఆ చిన్న తేడాల్ని పెంచి పెంచి చివరికి హద్దులు గీసిన పటం చేసేశారు. నిజానికి అన్ని రుచులూ నాలుకంతా తెలుస్తాయి. బాబాయి నా నాలుక కొసన చిటికెడు కాఫీ పొడి పెట్టి నోరు మూయకుండా ఉండమన్నాడు. వెంటనే చేదు. "ఆ బొమ్మ ప్రకారం నీకు తెలియకూడదు కదా?" అన్నాడు. పాత పుస్తకాల్లో ఆ బొమ్మ ఉంటే క్షమించేవాడు, అప్పటికి అంతే తెలుసు. కొత్తగా అచ్చేసిన పుస్తకంలో ఉంటే మాత్రం, ముందువాళ్ళ పుస్తకం చూసి రాశాడు, కాఫీ పొడి కూడా పెట్టి చూసుకోలేదు అని పక్కన పెట్టేసేవాడు.

1997లో కాబెర్నే సోవిన్యో ద్రాక్షకి తల్లిదండ్రులెవరో జన్యు పరీక్షలో తేలిందని చదివి ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నల్ల ద్రాక్ష కాబెర్నే ఫ్రాన్, తెల్ల ద్రాక్ష సోవిన్యో బ్లాన్, రెండూ ఎవరూ కలపకుండానే ఎప్పుడో కలిసి పుట్టిన తీగ అది. పేరులోనే ఇద్దరి పేర్లూ ఉన్నా అప్పటిదాకా ఖాయంగా తెలియదు. అట్లాస్ తీసి మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆ తర్వాత 2012లో జాన్సిస్ రాబిన్సన్, జూలియా హార్డింగ్, హోసే వూయామోజ్ కలిసి 1,368 ద్రాక్ష రకాల మీద ఒక మహా గ్రంథం తెచ్చారు. అప్పటికి బాబాయి మంచం మీద ఉన్నాడు. ఆ బరువు ఆయన చేతులు మొయ్యలేవు. రోజుకి రెండు ద్రాక్షలు చదివి వినిపించేవాణ్ణి.

బీర్ సంగతికొస్తే, అది నా వంతు. పై అర నాకు అందేసరికి నేను పెద్దవాణ్ణయ్యాను. మైకేల్ జాక్సన్ (పాటల ఆయన కాదు, బీర్ గురించి రాసిన ఇంగ్లిష్ ఆయన) 1977లో తెచ్చిన 'ది వరల్డ్ గైడ్ టు బీర్' చదివాక నాకు బీర్ అంటే ఒకటే లేత పసుపు పానీయం అన్న భ్రమ పోయింది. బెల్జియం మఠాల్లో చేసేవి, ఇంగ్లండ్‌లో పోర్టర్ అనే నల్లటి బీర్లు, గోధుమతో చేసేవి, అడవి ఈస్ట్‌తో పులిసే పుల్లటివి, ఒక్కోదానికి ఒక కుటుంబం, ఒక చరిత్ర ఉన్నాయని రకాలవారీగా పెట్టి చూపించాడు. ఆయనకంటే ముందు బీర్ మీద అంత శ్రద్ధగా, వైన్‌కిచ్చే గౌరవం ఇస్తూ రాసినవాళ్ళు అరుదు.

చదవడం ఆగక చెయ్యడం మీద మనసు పోయింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఒక పల్చటి పుస్తకం చూసి మొదటిసారి బీర్ కాచాం, నేనూ బాబాయీ. 7 రోజులు పులియబెట్టి, తర్వాత కొంచెం చక్కెర వేసి సీసాల్లో నింపి మూతలు బిగించండి అని ఉంది. అలాగే చేశాం. వారం తర్వాత అర్ధరాత్రి అలమర కింద ఒక సీసా పేలింది. తర్వాత ఇంకోటి. ఆ రాత్రంతా మందపాటి దుప్పట్లు కప్పి, ఎవర్నీ ఆ గదిలోకి రానివ్వకుండా కూర్చున్నాం. గాజు ముక్కలు గోడకి గుచ్చుకున్నాయి, అప్పుడు అక్కడ ఎవరైనా ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది. తప్పు ఎక్కడుందో 'ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్‌బ్రూయింగ్' చదివాక తెలిసింది, చార్లీ పపాజియన్ 1984లో రాసింది. ఈస్ట్ క్యాలెండర్ చూసి పని చెయ్యదు. చల్లగా ఉంటే నిదానంగా తింటుంది. ఇంకా చక్కెర మిగిలి ఉండగానే మనం సీసాలో బంధించి, పైగా ఇంకొంచెం చక్కెర పెడితే, పుట్టే గ్యాస్‌కి పోవడానికి దారి లేదు. హైడ్రోమీటర్ (నీళ్ళతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో, అంటే చక్కెర ఇంకా ఎంతుందో చూపే గాజు గొట్టం) ముంచి చూడాలి. మొదట్లో 1.050 చూపించింది 1.012 దగ్గరికి దిగి, రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే పులియడం ఆగినట్టు. ఆ పల్చటి పుస్తకంలో హైడ్రోమీటర్ అన్న మాటే లేదు.

అప్పట్నుంచి బీర్ చేసే పుస్తకం చూస్తే నేను ముందు రెండు చోట్ల తెరుస్తాను. శుభ్రం చెయ్యడం గురించి ఎన్ని పేజీలున్నాయి, పులియడం పూర్తయిందని ఎలా తెలుసుకోమన్నారు. శుభ్రం గురించి ఒక పేరాతో సరిపెట్టినవాళ్ళు నాకు అక్కర్లేదు. ఆ రెండూ బాగుంటే గ్యాలన్ ఏ దేశానిదో చూస్తాను, ఇంగ్లండ్‌ది 4.546 లీటర్లు, అమెరికాది 3.785. ఒకరి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కొలత ఇంకొకరి గ్యాలన్లో వేస్తే బీర్ మరీ గాఢంగానో మరీ పల్చగానో వస్తుంది. జాన్ పామర్ 'హౌ టు బ్రూ' నాకు ఎంత మేలు చేసిందో చెప్పలేను. మాల్ట్‌ని 63 డిగ్రీల దగ్గర నానబెడితే అందులోని పిండి పదార్థం ఈస్ట్ తినగలిగే చక్కెరలుగా ఎక్కువ తెగి బీర్ తేలిగ్గా, పొడిగా వస్తుందని, 68 దగ్గరైతే చిక్కదనం మిగులుతుందని, ఏ ఎంజైమ్ ఎక్కడ పని చేస్తుందో చెప్పి మరీ అర్థమయ్యేలా రాశాడు. ఆ పేజీ చదివిన రోజు నుంచి నేను వేరేవాళ్ళ వంటకాలు చూడడం తగ్గించాను, నాకెలాంటి బీర్ కావాలో అనుకుని వెనక్కి లెక్క వేసుకోవడం మొదలైంది.

చరిత్ర రాసే బీర్ పుస్తకాలకి బాబాయి పెట్టే పరీక్ష 1516. జర్మనీలోని బవేరియా శుద్ధి చట్టం, బీర్‌లో బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పూలు), నీళ్ళు తప్ప ఇంకేం వెయ్యకూడదని. ఈస్ట్ పేరు ఆ చట్టంలో లేదు. పులియబెట్టేది ఒక ప్రాణి అని అప్పటికి ఎవరికీ తెలియదు. లూయీ పాశ్చర్ బీర్ మీద తన పుస్తకం రాసింది 1876లో, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచింది 1883లో. ఆ చట్టంలో నాలుగు సరుకులున్నాయని, ఈస్ట్ కూడా కలిపి రాసేస్తారు కొందరు. బాబాయి అక్కడ పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఊరుకునేవాడు, ఇంకేం అనేవాడు కాదు.

ఇన్ని తెలిసీ నేను తప్పు పుస్తకాలు బోలెడు కొన్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో డబ్బు చేతిలో ఆడుతుంటే వెయ్యి వంటకాలు, రెండు వేల వంటకాలు అని అట్ట మీద ఉన్నవన్నీ తెచ్చాను. బాబాయి కోప్పడలేదు, ఒక్కటే అడిగాడు, "వెయ్యి వండి చూడ్డానికి వాళ్ళకెన్నేళ్ళు పట్టుంటుంది? రెండేసి సార్లు వండితే?" టీవీలో కనిపించేవాళ్ళ పుస్తకాలు కొన్ని బాగానే ఉంటాయి, కానీ ఒక పేజీకి ముఖం, ఒక పేజీకి వంట ఉంటే నేను ఇప్పుడు ముట్టుకోను. నాకు కత్తి పట్టడం కూడా సరిగ్గా రానప్పుడు కొన్న రెస్టారెంట్ షెఫ్‌ల పుస్తకాలు ఇంకో రకం బాధ, ఒక వంటకం చెయ్యాలంటే ముందు ఇంకో మూడు వంటకాలు చేసి పెట్టుకోవాలి. వాటిని చదువుకోవడానికి ఉంచుకున్నాను. చదవడానికి నిజంగా బాగుంటాయి.

బాబాయి పోయాక అలమర ఖాళీ చేసేటప్పుడు ఎవరికేం కావాలో తీసుకోమన్నారు. కొత్తగా మెరుస్తున్నవే ముందు వెళ్ళిపోయాయి. మరకలున్నవి నాకు మిగిలాయి. ఇంటికి తెచ్చి ఒక్కోటీ తెరిచి చూస్తే ఉల్లిపాయ పేజీల్లో ఎక్కడైనా 10 అని ఉంటే అది కొట్టేసి 45 అని ఆయన చేతిరాత. ఇంకొన్నిచోట్ల తేదీ, పక్కన నా పేరు. నేను మొదటిసారి ఆ వంట చేసిన రోజులవి. ఆయన రాసుకున్న సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల మేనకోడలు వచ్చి, కొత్తగా వేరే ఇల్లు తీసుకున్నాను మామయ్యా, వంటకి ఒక్క పుస్తకం ఇవ్వు, ఒక్కటే చాలు అంది. చాలాసేపు ఆలోచించి జూలియా చైల్డ్ మొదటి సంపుటం ఇచ్చాను, అట్టకి టేపు ఇంకోసారి అంటించి మరీ. మెక్‌గీ తర్వాత ఇస్తానన్నాను, ముందు ఎందుకు అనే ప్రశ్న తనకే పుట్టాలి. అట్లాస్ అడిగింది గానీ ఇవ్వలేదు, అది నేల మీద పరిచి ఇద్దరం కలిసి చూడాల్సింది, నువ్వే రా అన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఉల్లిపాయ సూప్ చేస్తోందట.

"మామయ్యా, 25 నిమిషాలైంది, ఇంకా పసుపుగానే ఉన్నాయి. మంట పెంచెయ్యనా?"

"వద్దమ్మా, అలాగే కలుపుతూ ఉండు. వాసన ఎలా ఉంది?"

"ఇంకా ఘాటుగానే ఉంది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నాను. గిన్నెలో నీళ్ళున్న చప్పుడు నాకు వినపడుతోంది. ఇద్దరం ఇంకో 20 నిమిషాలు అలా మాట్లాడుకుంటూ ఉన్నాం, తను ఐదు నిమిషాలకోసారి రంగు చెబుతూ.